బుగ్గలో గింజ

బుడంకాయ పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. వేళ్ళూ అంతే. గడ్డం మీంచి సన్నటి గులాబీ చార ఒకటి చొక్కా మీదికి దిగింది.

డాబా తలుపు దగ్గర నిలబడి చిన్నకోడలు ముందు నవ్వింది. కూతురి స్కెచ్ పెన్నులు మళ్ళీ వీడి చేతిలో పడ్డాయి కాబోలనుకుంది. స్టవ్ మీద పాలు పొంగిపోతాయని కిందికి పరిగెత్తి, పాలు దించి, ఎలాగూ దిగాను కదా అని రెండు గిన్నెలు కూడా తోమేసి వచ్చేసరికి ఇదీ వీళ్ళ వాలకం. బావగారి కొడుకు, మూడేళ్ళవాడు. కుదురుగా కూర్చున్నాడంటేనే అనుమానించాలి వాణ్ణి.

వాడు కుదురుగానే కూర్చున్నాడు. వాడి పక్కన ఆమె కూతురు గువ్వ, వాడికన్నా రెండేళ్ళు పెద్దది, మోకాళ్ళ మీద వంగి కుండీలో మట్టి సర్దుతోంది. గోడ వారగా పెట్టిన కుండీలన్నింటిలోనూ మట్టి కొత్తగా గిల్లినట్టుంది. ఇద్దరి మధ్యా ఒక కాగితం పొట్లం విప్పి ఉంది.

ఆ పొట్లం చూశాక నవ్వు ముఖం మీదే బిగుసుకుపోయింది.

అది ముందురోజు సాయంత్రం ఆమె భర్త తెచ్చాడు. ఆయన ఎలక్ట్రీషియన్. ఒక విత్తనాల కొట్టులో ఫ్యాన్లు బిగించడానికి వెళ్ళి, "మన ఇంటికన్నా పొడుగు మొక్క కావాలి నాన్నా" అని గువ్వ పెడుతున్న పోరు గుర్తొచ్చి మొక్కజొన్న గింజలు అడిగాడు. కొట్టువాడు పెద్ద బస్తాలోంచి గరిటెతో తీసి కాగితంలో పోసిచ్చాడు. గింజలు మిఠాయి బిళ్ళల్లా గులాబీ రంగులో నిగనిగలాడాయి.

"పిల్లలకి నచ్చాలని రంగేశారేమో" అంది ఆమె.

"మంచి రకమట. పక్షులు కూడా ముట్టవట వీటిని" అన్నాడు ఆయన, తనే పండించినంత గొప్పగా.

పక్షులు ఎందుకు ముట్టవో అప్పుడు ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు ఆ గులాబీ పెదాలు చూస్తుంటే తట్టింది.

"బుడంకాయ్, నోరు తెరు నాన్నా."

వాడు తెరిచాడు. నాలుకా అదే రంగు. గింజ లేదు.

"గింజ ఏదిరా?"

వాడు కుండీ వైపు చూపించాడు. తర్వాత పొట్ట వైపు చూపించాడు. కాసేపు ఆలోచించి ఆకాశం వైపు కూడా చూపించాడు.

"గువ్వా, వీడు ఈ గింజలు నోట్లో పెట్టుకున్నాడా?"

"పెట్టుకోకపోతే ఎలా లేస్తాయమ్మా?" అంది గువ్వ ముద్దముద్దగా, తల వంచుకునే. "నువ్వే చెప్పావుగా."

అవును. తనే చెప్పింది.

తొమ్మిదో తరగతిలో చదువు మానిపించిన దగ్గర్నుంచి, ఆమె ఏ పని చేసినా పక్కనుంచి "అలా కాదు" అనే గొంతు ఒకటి ఉండనే ఉండేది. మొక్కల దగ్గర మాత్రం ఎవరూ అనలేదు. పిల్లలిద్దరినీ పగలంతా చూసుకునే పని తన మీద పడ్డాక, వాళ్ళ చిట్టి చేతులతో నాటినా మొండికేయకుండా మొలిచేవి ఏరి నాటించేది. వంటింటి డబ్బాలోంచి గుప్పెడు మెంతులు చల్లితే వారం తిరక్కుండా పచ్చటి జూలు లేచేది. ధనియాలు కాస్త బెట్టు చేసేవి. పుదీనా కాడను గాజుగ్లాసు నీళ్ళలో నిలబెడితే, వేళ్ళు దిగడాన్ని ఇద్దరూ గ్లాసుకు ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. మెత్తబడిపోయిన టమాటాను పారెయ్యకుండా మట్టిలో చిదిమినా చాలు, నారు గుంపుగా తోసుకుంటూ వచ్చేది.

చిక్కంతా బొబ్బర్లతో వచ్చింది. వాటిని ముందురోజే నానబెట్టాలి. 'రేపు' అనే మాట బుడంకాయకు తెలియదు. వాడికి ఇప్పుడే కావాలి. ఒక రోజు వాడు నేలమీద పడి దొర్లుతుంటే, ఊరుకోబెట్టడానికి ఆమె నోటికొచ్చిన మాట చెప్పింది. "గింజ నిద్రపోతోందిరా. బుగ్గలో పెట్టుకుని డాబా చుట్టూ తిరుగు. వెచ్చగా ఉంటే అదే లేస్తుంది." దానికి షరతులు కూడా పెట్టింది. కొరకకూడదు, మింగకూడదు, మట్టిలో పెట్టేదాకా ఉమ్మకూడదు.

ఏది తినిపించినా థూ అని ఊసేసే బుడంకాయ, ఆ బొబ్బరగింజను కోడిపెట్ట గుడ్డును పొదిగినట్టు బుగ్గలో పొదిగాడు. ఎక్కడ మింగుతాడోనని వాడి గడ్డం కింద అరచెయ్యి పట్టుకుని ఆమె వెనకే నడిచింది. ఆ గింజ మొలిచింది. మొలవక ఏం చేస్తుంది, బొబ్బరగింజ ఎక్కడ పడేసినా మొలుస్తుంది. కానీ పిల్లలకు మాత్రం అది తమ నోటి మహిమే అనిపించింది. ఇక ఆ డాబా మీద గింజ అంటే ముందు బుగ్గలోకి, తర్వాత కుండీలోకి.

ఈ ఆట సంగతి బుడంకాయ తల్లికి, తను అక్కా అని పిలిచే తోటికోడలికి, చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. అక్క కరెంటాఫీసులో పని చేస్తుంది. కింది వాటాలోనే కాపురం. రోజూ పొద్దున పిల్లాణ్ణి అప్పజెప్పేటప్పుడు చెప్పులు వేసుకుంటూ చెప్పే మాట ఒకటే: "నోట్లో ఏదీ పెట్టుకోనివ్వకు." ఈ మధ్య ఆ మాట వెనక ఇంకోటి కూడా చేరింది: "క్రెష్‌లో వేద్దామా అని చూస్తున్నా." ఆ మాట విన్నప్పుడల్లా చిన్నకోడలికి ముద్ద దిగేది కాదు.

బుడంకాయను చంకనేసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. పుక్కిలించమంటే వాడు మింగుతాడని భయం. తల వంచి పట్టుకుని, తడిగుడ్డతో నాలుక తుడిచింది, చిగుళ్ళు తుడిచింది. గుడ్డ గులాబీ రంగైంది. వాడు దాన్ని కొరికాడు.

"గువ్వా, నువ్వు మింగావా?"

గువ్వ తల అడ్డంగా ఊపింది.

"నిజం చెప్పు."

"మింగలేదు" అంది గువ్వ, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా.

దాని పెదాలు మామూలుగానే ఉన్నాయి. అబద్ధం ఆడే పిల్ల కాదు. ఆ పిల్ల గురించి అంతవరకే ఆలోచించింది తల్లి.

చప్పుడు విని ఎదురింటి కండక్టరమ్మ పైకొచ్చింది. బస్సులో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఇప్పటికీ మెట్లెక్కితే ముందు చెయ్యి పైకెత్తి పట్టుకోవడానికి కడ్డీ వెతుక్కుంటుంది.

"ఏంటే, మేడ మీద గుర్రాలు తోలుతున్నావా?"

చిన్నకోడలు చెప్పలేక చెప్పింది. కండక్టరమ్మ పొట్లంలో గింజను రెండు వేళ్ళతో తీసి, వాసన చూసి, వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

"మందు వాసన. ఉప్పునీళ్ళు పట్టించి గొంతులో వేలు పెట్టు. మా డిపోలో ఒకడు ఇలాగే ఏదో తాగితే అలాగే కక్కించాం."

"బతికాడా?"

"బతికాడు గాని..." అని ఆగింది కండక్టరమ్మ. "ఆ తర్వాత మనిషి మనిషిలా లేడనుకో."

వంటింట్లోంచి ఉప్పు తెచ్చి గ్లాసులో కలిపింది చిన్నకోడలు. బుడంకాయ నోటి దాకా తెచ్చింది. వాడు నమ్మకంగా నోరు తెరిచాడు. ఆ నమ్మకం చూసి గ్లాసు వెనక్కి తీసింది. లోపల ఉన్నది ఏం మందో తెలియదు. అది పైకొస్తూ గొంతును ఏం చేస్తుందో తెలియదు. తెలియని పని ఒకటి చేసినందుకే కదా ఇంత దాకా వచ్చింది.

"వద్దు పిన్నిగారూ. ఆసుపత్రికి పోదాం."

"అదీ నిజమే. నువ్వు పిల్లల్ని దించు, నేను బండి ఆపుతా."

పొట్లం మడిచి చేతిసంచిలో వేసుకుంది. గువ్వ రెక్క పట్టుకుని లేపింది. గువ్వ కుండీ వైపు ఒంగి, చేత్తో మట్టిని చూపిస్తూ ఏదో అనబోయింది.

"అమ్మా, ఇది..."

"నోరు మూసుకుని నడు. ఇప్పుడు నువ్వు నోరు మెదిపావంటే చూడు."

గువ్వ నోరు మూసుకుంది.

వీధిలో కండక్టరమ్మ రోడ్డు మధ్యకెళ్ళి నిలబడి ఒక ఆటోను ఆపింది. అది ఆగకపోతే ఆవిడను తొక్కుకుంటూ పోవాల్సిందే, ఇంకో దారి లేదు. అందులో ఉన్నాయన దిగిపోయాడు, మాటాడకుండా. "పెద్దాసుపత్రి. దారిలో ఎక్కడా ఆపకు, ఎవర్నీ ఎక్కించకు" అని డ్రైవరుకు చెప్పి, అలవాటుగా బండి వెనక రెండుసార్లు అరచేత్తో కొట్టి పంపించింది.

ఆటో కదిలాక భర్తకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నిచ్చెన మీద ఉంటాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఒళ్ళో బుడంకాయ రోడ్డు మీద బళ్ళను చూస్తూ "బుయ్" అంటున్నాడు. కళ్ళు వాలుతున్నాయా? ఎండకు వాలుతున్నాయా, మందుకా? "బుడంకాయ్, అదిగో లారీ" అని వాణ్ణి కుదిపింది. వాడు నవ్వాడు. ఇంకా నవ్వుతున్నాడు కదా అనుకుంది. మళ్ళీ కుదిపింది.

ఇక అక్కకు చెయ్యాలి. తప్పదు. నంబరు నొక్కి చెవికి ఆనించుకున్నంతసేపూ ఎత్తకపోతే బాగుణ్ణనే కోరుకుంది.

"ఏంటమ్మా?" అంది అక్క. వెనక కౌంటరు దగ్గర జనం గోల వినబడుతోంది.

"అక్కా, కంగారు పడకు. వీడు... ఆడుకుంటూ ఒక గింజ నోట్లో పెట్టుకున్నాడు. మందు పూసిన గింజేమో అని అనుమానం. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా."

ఆ వైపు కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడైంది.

"మింగాడా?"

"లేదక్కా. వెంటనే తీయించేశాను."

ఆ 'వెంటనే' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. నాలుక దానంతట అదే జారవిడిచింది. వెనక్కి తీసుకునేలోపే "వస్తున్నా" అని అక్క ఫోన్ పెట్టేసింది.

పక్కన గువ్వ కిటికీ వైపు ముఖం తిప్పుకుని, ఒక్క మాటా లేకుండా, కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. తిట్టానని అలిగింది, పోనీలే, తర్వాత బుజ్జగించవచ్చు అనుకుంది తల్లి.

ఆసుపత్రిలో పిల్లల గది ఇరుకుగా ఉంది. గోడ మీద ఏనుగు బొమ్మ, దాని తొండం దగ్గర పెచ్చు ఊడిపోయింది. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తన కన్నా చిన్నదేమో కూడా. చదువుకుని ఉంటే, అని ఎప్పుడూ వచ్చే ఆలోచన ఒకటి రాబోయి, రావడానికి చోటు లేక వెళ్ళిపోయింది. డాక్టరు బుడంకాయ కళ్ళల్లో లైటు వేసి చూసింది. గుండె విన్నది. నోరు చూసింది. పొట్లంలో గింజలు చూసి కనుబొమలు ముడిచింది.

"ఇది తినే గింజ కాదు. విత్తనానికి మందు పట్టించారు. సంచి మీద పేరు రాసుంటుంది, తెలుసా?"

"విడిగా పోసిచ్చారమ్మా. మా ఆయన కొట్టువాణ్ణి అడుగుతారు, ఫోన్ ఎత్తట్లేదు."

అంతలో అక్క వచ్చేసింది. మెడలో ఆఫీసు కార్డు అలాగే ఉంది, జుట్టు చెదిరిపోయింది. బుడంకాయను లాక్కుని గుండెకు హత్తుకుంది. వాడు ఆ కార్డు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు. అక్క చటుక్కున లాగేసింది.

"ఎంతసేపు ఉంది నోట్లో?" అని అడిగింది డాక్టరు.

చిన్నకోడలు చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంది.

"వెంటనే తీయించేసింది డాక్టరుగారూ" అంది అక్క. "మా తోటికోడలు. కంటికి రెప్పలా చూస్తుంది. ఒక్కటే గింజ, మింగలేదు."

"అలాగైతే మరీ భయపడక్కర్లేదు" అని డాక్టరు పెన్ను మూత పెట్టింది. "ఒకసారి నోట్లో పెట్టుకుని ఊసేస్తే లోపలికి పెద్దగా పోదు. నోరు శుభ్రం చేశారుగా. ఇంటికి తీసుకెళ్ళండి. వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి."

అక్క కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత చిన్నకోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెయ్యని చెయ్యి.

"నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది. ఆ క్రెష్ వాళ్ళయితే ఈ పాటికి టీవీ చూస్తుండేవాళ్ళు. పద, పోదాం."

భుజం మీద చెయ్యి బరువుగా ఉంది. తలుపు తెరిచే ఉంది. బయట ఇంకో తల్లి ఇంకో పిల్లాణ్ణి ఎత్తుకుని తన వంతు కోసం నిలబడి ఉంది. ఈ గడప దాటితే చాలు. వాడు బాగానే ఉన్నాడు కదా. ఇందాక లారీని చూసి నవ్వాడు కదా. ఇంటికెళ్ళి పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉంటే సరి. ఎవరికీ తెలియదు. గువ్వకు రెండు మాటలు చెప్పి ఊరుకోబెడితే అసలే తెలియదు.

కానీ గోడ వారగా ఆ కుండీలు కళ్ళ ముందు నిలబడ్డాయి. మట్టి గిల్లిన ప్రతి చోటా ఒక గింజ ఉంటుంది. ప్రతి గింజా ముందు ఈ బుగ్గలో నాని ఉంటుంది. డాక్టరు లెక్క ఒక్క గింజకు. వీడు అవతల వరస మొత్తం నాటేశాడు.

అక్క గడప మీద కాలు పెట్టింది.

"వెంటనే కాదు" అంది చిన్నకోడలు.

ఎవరూ వినలేదేమో అనుకుంది. గొంతు అంత సన్నగా వచ్చింది. గోడ పట్టుకుని మళ్ళీ చెప్పింది.

"వెంటనే తీయించలేదు డాక్టరుగారూ. నేను లేను అక్కడ. కింద గిన్నెలు తోముతున్నా. ఒక్క గింజ కాదు. చాలా పెట్టుకున్నాడు, ఒకదాని తర్వాత ఒకటి. ఒక్కోదాన్ని బుగ్గలో పెట్టుకుని డాబా చుట్టూ తిరిగి నాటాడు. నానాలని. అది నేనే నేర్పాను."

అక్క చెయ్యి భుజం మీద లేదు. ఎప్పుడు తీసిందో తెలియలేదు.

"ఏం నేర్పావు?" అంది అక్క.

"మామూలు గింజలకి నేర్పానక్కా. వంటింట్లోవాటికి. బుగ్గలో పెట్టుకుంటే నిద్ర లేస్తాయని. ఆటగా."

"నెలల తరబడి నేను రోజూ ఏం చెప్పి వెళ్తున్నాను?"

డాక్టరు పెన్ను మూత మళ్ళీ తీసింది. ఆమె గొంతు మారిపోయింది.

"బెడ్ మీద పడుకోబెట్టండి. సిస్టర్, బొగ్గు మందు కలపండి. సెలైన్ సిద్ధం చెయ్యండి." తర్వాత చిన్నకోడలి వైపు తిరిగింది. "పిల్లలిద్దరూ కలిసి నాటారా?"

"ఇద్దరూ... కానీ మా అమ్మాయి మింగలేదు. అడిగాను."

"మింగిందా అని అడిగారు. పెట్టుకుందా అని అడిగారా?"

గదిలో అందరూ గువ్వ వైపు చూశారు. ఏనుగు బొమ్మ కింద స్టూలు మీద కూర్చుని ఉంది గువ్వ, చేతులు ఒళ్ళో పెట్టుకుని. డాబా దిగిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినందుకు అలక అనుకుంది తను. ఎప్పుడూ నోటికి తాళం పడని పిల్ల.

"గువ్వా" అంది తల్లి. "నోరు తెరు తల్లీ."

గువ్వ తల ఊపింది, కుదరదన్నట్టు. చేత్తో కిందికి చూపించింది. నేల. మట్టి లేని గచ్చునేల.

తల్లికి అర్థమైంది. మోకాళ్ళ మీద కూలబడి దోసిలి పట్టింది.

"ఇదే మట్టి అనుకో. నా చేతిలో పెట్టు. నేను నాటుతాను. ఉమ్మెయ్యమ్మా, ఫర్వాలేదు, నేనే చెప్తున్నాను కదా."

గువ్వ ఒంగి దోసిట్లో ఉమ్మింది. మొక్కజొన్న గింజ. ఉబ్బి, మెత్తబడి, పసుప్పచ్చగా ఉంది. పొద్దున కాగితంలో ఉన్న గులాబీ రంగు దాని మీద ఒక్క చుక్క కూడా మిగల్లేదు. రంగంతా ఎటు పోయిందో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

"కొరకలేదమ్మా. మింగలేదు" అంది గువ్వ. నాలుక మాత్రం గులాబీ రంగులో ఉంది. "ఉమ్ము మాత్రం మింగాను. అది మింగొద్దని నువ్వు చెప్పలేదు."

ఆ తర్వాత గదిలోకి మనుషులు వచ్చారు, వెళ్ళారు. విషాన్ని పీల్చుకునే ఆ నల్లటి బొగ్గు మందు గ్లాసుల్లో వచ్చింది. గువ్వ ముక్కు మూసుకుని తాగేసింది. బుడంకాయ సగం తాగి, సగం సిస్టరు తెల్లబట్టల మీద ఊసి, కాసేపటికి తాగిందంతా వాంతి చేసుకున్నాడు. నల్లగా వచ్చిన ఆ వాంతిని చూసి అక్క గోడకు తిరిగి నిలబడింది. చేతికి సూది గుచ్చినప్పుడు వాడు పెట్టిన ఏడుపు ఇద్దరు తల్లులూ ఒకే గదిలో రెండు మూలల్లో నిలబడి విన్నారు. గువ్వ మాత్రం ఏడవలేదు. పొట్టలో తిప్పుతోందని ఒకసారి చెప్పి, తర్వాత చెప్పడం కూడా మానేసింది. అది చూస్తే తల్లికి ఇంకా భయమేసింది.

భర్త ఫోన్ ఎత్తాడు చివరికి. పని మధ్యలో వదిలేసి కొట్టుకు వెళ్ళి, విత్తనాల బస్తా మీది చీటీ చించుకుని పట్టుకొచ్చాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. ఆ చీటీ మీద ఎర్రటి పుర్రె బొమ్మ ఉంది. అది చూడగానే అక్క అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది.

డాక్టరు అక్షరాలు దగ్గరగా పెట్టుకుని చదివింది. తర్వాత ఎవరికో ఫోన్ చేసి ఆ పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపించింది. అవతలివాళ్ళు చెప్పింది విని, "ఊఁ" అంది. మళ్ళీ "ఊఁ" అంది.

"గింజకు బూజు పట్టకుండా పూసే మందు ఇది" అంది ఫోన్ పెట్టేసి. "కొన్నింటికి పురుగుమందు కూడా కలుపుతారు. అది నరాల మీద పని చేస్తుంది. దీంట్లో కలపలేదు. అంతవరకు మీ అదృష్టం. సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి. ఇద్దర్నీ నిద్రపోనివ్వండి, కానీ మధ్యమధ్యలో లేపి చూస్తూ ఉండండి, పలుకుతున్నారో లేదో. ఇంటికి పంపించేసి ఉంటే ఆ మందు ఒంట్లోకి దిగి, వాంతులు దారిలోనో నిద్రలోనో మొదలయ్యేవేమో."

ఆఖరి మాట ఎవరి వైపూ చూడకుండా అంది.

"నేనే తెచ్చాను కదే" అన్నాడు భర్త, వరండాలో తల పట్టుకుని. "నా చేత్తో తెచ్చిచ్చాను."

"గింజలు మీరు తెచ్చారు. ఆట నాది" అంది ఆమె.

మధ్యాహ్నమంతా రెండు మంచాల మధ్య గడిచింది. ఒక మంచం పక్కన అక్క, ఇంకో మంచం పక్కన తను. కొడుకు దగ్గరికి అక్క ఆమెను రానివ్వలేదు. రావొద్దని నోటితో అనలేదు గాని, ఆమె లేచినప్పుడల్లా కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. బుడంకాయ నిద్రలో పెదాలు చప్పరిస్తే ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. గువ్వను లేపితే "ఊఁ" అంది. మళ్ళీ లేపితే, "అబ్బా, పలుకుతున్నానుగా" అని విసుక్కుంది. ఆ విసుగు వినడానికి తల్లి మళ్ళీ మళ్ళీ లేపింది.

కిటికీలోంచి ఎండ పసుపు రంగుకు తిరిగే వేళకు బుడంకాయ లేచి కూర్చున్నాడు. చుట్టూ చూసి "బిస్కెట్" అన్నాడు. డాక్టరు వచ్చి చూసింది. గువ్వనూ చూసింది. ఫర్వాలేదంది. చీకటి పడేలోపు తీసుకెళ్ళవచ్చంది.

డాక్టరు వెళ్ళాక అక్క మాట్లాడింది. చూపు మాత్రం దుప్పటి మీదే.

"ఒకటో తారీఖు నుంచి క్రెష్‌లో వేసేస్తా."

"సరే అక్కా."

"సరేనా? అంతేనా?" అక్క గొంతులో పొద్దుట్నుంచీ అణిచిపెట్టిందంతా అప్పుడు పైకొచ్చింది. "పోట్లాడవా నాతో? ఏడవ్వా? నా కొడుకంటే నీకు ప్రాణం అనుకున్నాను."

"ప్రాణమే. అందుకే సరే అంటున్నా. నన్ను నేనే నమ్మట్లేదక్కా. నా కూతురు నోట్లో విషం పెట్టుకుని నా పక్కనే కూర్చుంటే, అలిగిందనుకున్నా. నేనెవర్ని చూసుకుంటాను ఇక?"

అక్క దుప్పటి అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఫోన్లో అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నీకు భయపడి."

"మరి ఇక్కడ నిజమెందుకు చెప్పావు? ఎవరూ అడగలేదుగా. నేను నిన్ను మెచ్చుకుని తీసుకెళ్ళిపోతున్నాను కదా."

"నువ్వు గడప దాటబోయావు. నీకు భయపడటం కన్నా అది ఇంకా భయమేసింది."

బుడంకాయ బిస్కెట్ సగం కొరికి, మిగతా సగం పక్క మంచం వైపు చాపి "గువ్వక్కా" అన్నాడు. గువ్వ తల్లి ముఖం చూసింది. ఏదైనా నోట్లో పెట్టుకోవచ్చా అని అడిగే చూపు. పొద్దున లేని చూపు.

"తిను" అంది తల్లి.

"క్రెష్‌లో ఇలాంటిది జరిగితే" అంది అక్క నెమ్మదిగా, తనలో తనే లెక్క వేసుకుంటున్నట్టు, "వాళ్ళు మాత్రం నాతో చెప్తారా? ముఖం కడిగి, పౌడర్ రాసి అప్పజెప్తారు." కొడుకు ఒళ్ళో పడ్డ బిస్కెట్ పొడి దులిపింది. "దాన్ని బట్టి నిన్ను క్షమించేశానని అనుకోకు. లేదు. రేపు నేను సెలవు పెడతా. వాడు నా దగ్గరే ఉంటాడు. ఎల్లుండి పొద్దున వచ్చి నీ తలుపు కొడతా. తీస్తావో తీయవో నువ్వే ఆలోచించుకో."

చిన్నకోడలు గువ్వ కాళ్ళకు చెప్పులు తొడిగింది. పొట్లం ఉన్న చేతిసంచిని పిల్లలకు అందకుండా భుజం మీదికి లాక్కుంది.

"ముందు ఆ కుండీలన్నీ తవ్వాలక్కా. ఏ గింజ ఎక్కడ పెట్టారో తెలియదు. ఒక్కటి మిగిలినా..."

"నేనూ వస్తున్నా పైకి" అంది అక్క, కొడుకును ఎత్తుకుంటూ. "అన్నీ తీశానని నువ్వు చెప్తే నమ్మే స్థితిలో లేను."

"నేను చెప్తే నేనే నమ్మను."

"మట్టంతా గుమ్మరించేద్దాం. మీ ఆయన్ని టార్చి కూడా తెమ్మను. పద, వెలుగు పోకముందే."